ఆపరేషన్ తర్వాత ఇచ్చే నొప్పి బటన్: అమ్మ నిద్రలో ఉంటే నేను నొక్కొచ్చా?

ప్రశ్న:
అమ్మకు నిన్న పొట్ట ఆపరేషన్ అయింది. సెలైన్ స్టాండుకు చిన్న పంపు బిగించి, వైరున్న బటన్ చేతికిచ్చారు. నొప్పి వచ్చినప్పుడల్లా నొక్కుకోమన్నారు. పీసీఏ అంటారట. రాత్రంతా నిద్రలో మూలుగుతూనే ఉంది, నొక్కడం మాత్రం లేదు. తెల్లారేసరికి నొప్పితో విలవిల్లాడిపోయింది. తను పడుకున్నప్పుడు నేను నొక్కొచ్చా? ఇంకోటి, వరసగా నాలుగుసార్లు నొక్కినా తేడా ఉండట్లేదంటోంది. పంపు పాడైందా? పైగా మార్ఫిన్ అని విన్న దగ్గర్నుంచీ అలవాటైపోతుందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు (ఆపరేషన్ వార్డులో నర్సుని):
నొక్కకండి. చూడలేకపోతున్నా సరే, మీరు మాత్రం నొక్కకండి. మందు ఎక్కువైతే సాధారణంగా ముందు మగత వస్తుంది. మగతలో ఉన్న మనిషి బటన్ నొక్కరు, కొత్త మందు వెళ్ళదు, కాసేపటికి తేరుకుంటారు. పంపుకున్న అసలు తాళం అదే. పక్కవాళ్ళు నొక్కితే ఆ తాళం ఊడదీసినట్టే. మగత మీద మగత చేరి ఊపిరి మందగిస్తుంది. ఇలా పక్కవాళ్ళు నొక్కడం ప్రమాదమని 2004లోనే అమెరికాలో ఆసుపత్రుల నాణ్యత, భద్రత చూసి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ ఆసుపత్రులకు హెచ్చరిక పంపింది.

పంపు పాడవలేదు, అది లాకౌట్ టైమ్ అయ్యుంటుంది. పెద్దవాళ్ళకు మార్ఫిన్ అయితే మామూలుగా ఒక నొక్కుకి 1 మిల్లీగ్రాము వెళ్తుంది. ఆ తర్వాత 5 నుంచి 10 నిమిషాలు ఎంత నొక్కినా చుక్క రాదు. అలాగని ఆ నొక్కుళ్ళు ఉత్తినే పోవు. ఎన్నిసార్లు అడిగారో, ఎన్నిసార్లు మందు వెళ్ళిందో రెండూ పంపు మెమరీలో ఉంటాయి. నొక్కుళ్ళు బాగా ఎక్కువుండి మందు వెళ్ళింది తక్కువైతే, డోసు చాలట్లేదేమోనని మాకు తెలుస్తుంది. సూది ఉన్న చోట చెయ్యి వాచినా మందు పనిచేయదు, అదీ చూపించండి.

అలవాటు సంగతంటారా, ఆపరేషన్ నొప్పికి రెండు మూడు రోజులు మా కళ్ళముందు వాడే మందుతో ఆ భయం చాలా తక్కువ. నొప్పికి జడిసి దగ్గకుండా, కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. నాకైతే దాని భయమే ఎక్కువ. నిద్రలో ఊపిరి ఆగి ఆగి గురక పెట్టే అలవాటున్నా, కిడ్నీ జబ్బున్నా డాక్టరుకి తప్పక చెప్పండి.

ఒక మాట అడుగుతాను, రాత్రి బటన్ ఎక్కడుంది?

జవాబు (నాకూ పెట్టారు):
నేను చేసిన తప్పు చెప్తాను. ఓర్చుకుందాంలే అని నొప్పి ముదిరేదాకా ఆగేదాన్ని. అప్పుడు ఎన్ని నొక్కినా అందుకోలేకపోయింది. తర్వాత తెలివొచ్చి, లేచి నడవడానికి 5–10 నిమిషాల ముందే ఒకసారి నొక్కుకునేదాన్ని. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోమనండి, ప్రాణం హాయిగా ఉంటుంది.

ప్రశ్న:
ముక్కు దురద అంటోంది. ఎలర్జీయా?

జవాబు (నర్సు):
ఈ మందుతో దురద, వికారం, మలబద్ధకం మామూలే, వాటికి మందులున్నాయి. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే పిలవండి. అలాగే పిలిస్తే పలక్కపోయినా, నిమిషానికి ఊపిరి 10 కన్నా తగ్గినా పరుగున రండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే వేలి క్లిప్పులో అంకె బాగానే కనిపించొచ్చు, దాన్నే నమ్ముకోవద్దు. విరుగుడు నలాక్సోన్ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు అడిగాక వెళ్ళి చూశాను. బటన్ మంచం కమ్మీ అవతల, నేలకు జానెడు ఎత్తున వేలాడుతోంది. పాపం చెయ్యి అందక ఊరుకుందట, నన్ను లేపడం ఇష్టంలేక! ఇప్పుడు సిస్టర్ దాన్ని దిండు గలీబుకి క్లిప్పు పెట్టారు. పంపులో లెక్క చూసి డాక్టరుతో మాట్లాడి, వేళకి పారాసెటమాల్ కూడా మొదలుపెట్టారు. ఇందాకే తనంతట తాను నొక్కుకుని, దిండు పట్టుకుని దగ్గింది.