అప్‌డేట్: కేక్ కుంగడం ఆగింది, ఫొటోలూ కుదిరాయి

రాగి బెల్లం కేక్ మధ్యలో కుంగిపోతోందని, ఫొటోలో పసుపుపచ్చగా వస్తోందని ఆమధ్య అడిగాను కదా. రెండూ దారికొచ్చాయి.

కుంగడానికి కారణం ఓటీజీనే (కేక్ కాల్చే చిన్న కరెంటు ఓవెన్). లోపల పెట్టే థర్మామీటర్ కొనమన్నారు, కొన్నా. డయల్ 180 డిగ్రీల దగ్గరున్నా లోపల 155 దాటట్లేదు! ఇప్పుడు ఇంకాస్త తిప్పి, థర్మామీటర్ 180 చూపించాకే టిన్ను పెడుతున్నా. మజ్జిగ, వంటసోడా కలిశాక పిండిని ఊరికే ఉంచొద్దన్నదీ నిజమే, బుడగలన్నీ గిన్నెలోనే అయిపోతాయి.

ఇక ఫొటోలు. బల్బు వెలుతురు, కిటికీ వెలుతురు కలిస్తే ఫోన్‌కి ఏది తెలుపో తెలీదట. లైటు ఆపేసి తూర్పు కిటికీ పక్కన పీట వేశా. మా కావలి ఎండ తెలుసుగా, నేరుగా పడితే నెయ్యి మెరుపంతా తెల్ల మచ్చలే. అందుకే మా ఆయన పాత పంచె అడ్డం కట్టా (ఆయనకింకా తెలీదు). నీడ వైపు కూడా వెలుతురు తిరిగి పడేలా థర్మాకోల్ అట్ట నిలబెట్టా. కోసిన ముక్కలో గుల్లలు, జీడిపప్పు పలుకు అంచున అంటిన పొడి కూడా కనిపిస్తున్నాయి!

అత్తమ్మ చేసే మలైకాజా మాత్రం లొంగలేదు, పాకం మెరుపు మరీ ఎక్కువ. పక్కనుంచి తీయమన్నారొకరు. ఆదివారం చూస్తా, అప్పటిదాకా డబ్బాలో మిగిలితే.