ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ ఎంఎస్‌లో సైబర్‌సెక్యూరిటీ స్పెషలైజేషన్: తీసుకోవచ్చా?

బెజవాడ కుర్రాడు: అందరికీ నమస్కారం. బీటెక్ ఈసీఈ చేసి, హైదరాబాద్‌లో అప్లికేషన్ సపోర్ట్‌లో రెండేళ్లుగా పనిచేస్తున్నా. అమెరికాలో ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ ఎంఎస్ చేద్దామని ఉంది, స్పెషలైజేషన్ సైబర్‌సెక్యూరిటీ. మా బావేమో "అది మేనేజ్‌మెంట్ డిగ్రీరా, సెక్యూరిటీ కావాలంటే కంప్యూటర్ సైన్సే చదవాలి" అంటాడు. కన్సల్టెన్సీ వాళ్లు రెండూ ఒకటే, ముందు డబ్బు కట్టమంటున్నారు. నాకు కోడింగ్ అంతంతమాత్రం. ఏం చేయమంటారు?

సియాటిల్ వాన: రెండూ ఒకటి కావు తమ్ముడూ. అలాగని మీ బావ మాటా పూర్తిగా నిజం కాదు.

2017లో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ రిపోర్టుల కంపెనీ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. లోపం అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, దాన్ని సరిచేసే ప్యాచ్ మార్చిలోనే వచ్చేసింది. వెంటనే వేసేయమని కంపెనీ లోపల మెయిల్ కూడా తిరిగింది. అయినా మే నెలలో దొంగలు అదే దారిలో దూరారు. స్ట్రట్స్ ఏ ఏ సర్వర్లలో నడుస్తోందో చెప్పే సరైన జాబితా వాళ్ల దగ్గర లేదు, ఆ సిస్టమ్ చూసుకునేవాళ్లకి మెయిల్ అందలేదు. లోపలి ట్రాఫిక్‌ని విప్పి చూడాల్సిన పరికరం డిజిటల్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. జులై చివర్లో దాన్ని మార్చాకే దొంగతనం కంటబడింది.

ఎక్కడ ఏముంది, అది ఎవరి బాధ్యత, ఎవరికి కబురు వెళ్లాలి, వెళ్లకపోతే ఎవరు అడగాలి. నువ్వు చెప్పే కోర్సులో ఎక్కువగా నేర్పేది ఇదే. జీఆర్‌సీ (గవర్నెన్స్, రిస్క్, కంప్లయన్స్), ఐటీ ఆడిట్, యాక్సెస్ మేనేజ్‌మెంట్ (ఎవరు ఏ సిస్టమ్ వాడొచ్చో చూసుకోవడం), వెండర్ రిస్క్ (బయటి కంపెనీల వల్ల వచ్చే ముప్పు), ప్రైవసీ ఉద్యోగాలకి పనికొస్తుంది. పెన్ టెస్టింగ్ (అనుమతితో సిస్టమ్‌లోకి చొరబడి లోపాలు వెతకడం), మాల్వేర్ విప్పి చూడటం మీద మనసుంటే మాత్రం ఇటు రాకు. కార్నెగీ మెలన్‌లో హైన్జ్ కాలేజీ సెక్యూరిటీ పాలసీ, మేనేజ్‌మెంట్ డిగ్రీ ఇస్తుంది. అదే యూనివర్సిటీలో ఐఎన్‌ఐ (ఇన్ఫర్మేషన్ నెట్‌వర్కింగ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లది ఇంజినీరింగ్ వైపు ఉండే డిగ్రీ. ఆ రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి చదువు, నీకే తెలిసిపోతుంది.

గచ్చిబౌలి ఆడిటర్: పై మాటలకి ఒక సవరణ. మేనేజ్‌మెంట్ వైపు కదా అని టెక్నికల్ వదిలేస్తే ఇంటర్వ్యూలో దొరికిపోతారు. ఫైర్‌వాల్ రూల్ చదవడం రానివాడు దాన్ని ఆడిట్ ఏం చేస్తాడండీ? నెట్‌వర్కింగ్, లినక్స్, ఎస్‌క్యూఎల్, కాస్త పైథాన్ ఇక్కడే పట్టేసి వెళ్లండి. మీ సపోర్ట్ అనుభవాన్ని తక్కువ చేసుకోకండి. టికెట్లు, ఛేంజ్ రిక్వెస్టులు, అర్ధరాత్రి ఇన్సిడెంట్ కాల్స్, ఇవన్నీ ఎస్‌ఓపీలో (అడ్మిషన్ కోసం రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాయదగ్గవే.

సర్టిఫికెట్ల విషయం: సీఐఎస్‌ఎస్‌పీ అనే పెద్ద సెక్యూరిటీ సర్టిఫికెట్‌కి పరీక్ష పాసైనా 5 ఏళ్ల అనుభవం చూపించాలి. తగిన డిగ్రీ ఉంటే 1 ఏడాది తగ్గిస్తారు, అంతే. దానికోసం ఇప్పుడే కోచింగ్‌కి డబ్బు తగలేయకండి. మొదటి మెట్టు సర్టిఫికెట్ అయిన సెక్యూరిటీ ప్లస్‌కి అలాంటి షరతు లేదు, అది చాలు.

ఐ20 అన్నయ్య: వీసా సంగతి ఎవరూ ఎత్తలేదేం? చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే అనుమతి ఓపీటీ; సైన్స్, టెక్నాలజీ కోర్సులకి దాని పొడిగింపే స్టెమ్ ఓపీటీ. దానికి స్పెషలైజేషన్ పేరు చూడరు తమ్ముడూ, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉన్న సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ రంగానిదో చెప్పే నంబరు చూస్తారు. 11.0401 (ఇన్ఫర్మేషన్ సైన్స్), 11.1003 (సెక్యూరిటీ) రెండూ స్టెమ్ జాబితాలో ఉన్నాయి. మొదటి 12 నెలల ఓపీటీ మీద ఇంకో 24 నెలలు అడిగే అర్హత దాంతోనే వస్తుంది. మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కోడ్ పడితే ఆ అవకాశం లేదు.

ఇంకొకటి. సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) అడిగే ప్రభుత్వ, రక్షణ ఉద్యోగాలు అమెరికా పౌరులకే. "స్కాలర్‌షిప్ ఫర్ సర్వీస్" అని యూనివర్సిటీ పేజీల్లో ఊరిస్తూ కనిపిస్తుంది, అది కూడా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఆ లెక్కలేవీ లోన్ లెక్కలో వేసుకోకు.

బెజవాడ కుర్రాడు: అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. ఒకవేళ తిరిగి వచ్చేస్తే ఇక్కడ ఈ చదువుకి గిరాకీ ఉంటుందా?

గచ్చిబౌలి ఆడిటర్: ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం సైబర్ ఇన్సిడెంట్ తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఇవన్నీ చూసుకునే మనుషులు కావాలి కదా. జీతం మాత్రం అమెరికా లోన్ తీర్చే లెక్కలో ఉండదు, అది ముందే ఇంట్లో చెప్పండి.

సియాటిల్ వాన: డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ల సైబర్‌సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్ 2.0, 2024లో వచ్చింది, ఉచితం, పెద్దదేం కాదు. పాత ఐదు విభాగాలకి తోడు "గవర్న్" అనే ఆరో విభాగం కలిపారు. అది చదివి, మీ ఆఫీసులో ఒక అప్లికేషన్‌కి వర్తింపజేస్తూ రెండు పేజీలు రాసిచూడు. ఆఫీసు వివరాలు బయటపెట్టకుండా సుమా. మధ్యలోనే నిద్రొస్తే ఈ కోర్సు నీకు నప్పదు.

బెజవాడ కుర్రాడు: ఈ ఆదివారమే కూర్చుంటా అక్కా. యూనివర్సిటీకి మెయిల్ పెట్టేటప్పుడు ఏమేం అడగాలి?

ఐ20 అన్నయ్య: సీఐపీ కోడ్ ఎంత, సెక్యూరిటీ సబ్జెక్టుల్లో ఏవి ప్రతి ఏడాదీ నడుస్తాయి, స్పెషలైజేషన్ పేరు ట్రాన్‌స్క్రిప్ట్ మీద వస్తుందా, గత బ్యాచ్‌లో విదేశీ విద్యార్థులు ఏ ఉద్యోగాల్లో చేరారు. చివరిదానికి తిన్నగా జవాబివ్వకపోతే లింక్డ్‌ఇన్‌లో ఆ కోర్సు పూర్వ విద్యార్థుల్ని నువ్వే వెతుకు.