ఎండాకాలం అడవి మంటలు: ఊళ్లో మీటింగ్ పెడుతున్నాం, ఏం చెప్పాలి?

అమ్రాబాద్‌కుర్రోడు: మాది నల్లమల అంచున ఊరు. ఫిబ్రవరి దాటితే గుట్ట మీద రోజూ పొగే. ఈసారి శివరాత్రికి ముందే అందరినీ కూర్చోబెట్టాలనుకుంటున్నాం. చొప్ప వాములెలా కాపాడుకోవాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి, పిల్లలకేం చెప్పాలి?

తూర్పుచేను: వాము సంగతి నన్నడగండి. మూడేళ్ల కింద రెండు ట్రాక్టర్ల చొప్ప బుగ్గయింది. అప్పట్నుంచి వాము వేసిన మర్నాడే చుట్టూ ఆరు సాళ్లు దున్నేస్తా. పోయినేడు మంట ఆ మట్టి దాకా వచ్చి ఆగిపోయింది. నన్ను చూసి నవ్విన పక్క చేనాయన వాము మాత్రం మిగల్లేదు.

గుట్టకిందోడు: మీటింగులు తర్వాత. ముందు తునికాకు (బీడీ ఆకు) వాళ్లని ఆపండి. చిగురు కోసం నిప్పు పెట్టేది వాళ్లే.

కల్లంమనిషి: నోరు జాగ్రత్త. మా నాయన కల్లేదారు, కల్లంలో ఆకు కట్టలు లెక్కచూసి తీసుకునేది ఆయనే. చిగురు కోసం కొమ్మ కొట్టిస్తారు, అడవి కాల్చరు. 50 ఆకులు ఏరితే ఒక కట్ట. ఆ కష్టం తెలుసా నీకు?

గుట్టకిందోడు: కొమ్మ కొట్టడానికి కూలి ఇవ్వాలి, అగ్గిపుల్లకి అక్కర్లేదు. నా కళ్లతో చూశా.

కల్లంమనిషి: చూసి ఊరుకున్నావా? ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింద ఆకులు తగలబెట్టేదెవరు? కొత్త గడ్డి కోసం అంటించేదెవరు? సలేశ్వరం జాతరకొచ్చి పొయ్యి ఆర్పకుండా పోయే టౌనోళ్లని అనవేం?

రిటైర్డ్‌బీట్: ఆపండయ్యా. అటవీ శాఖలో 28 ఏళ్ల సర్వీసు నాది. గాలి చూసి ఎదురు మంట పెట్టామంటే, అంటే వచ్చే మంటకి ముందున్న ఆకులు మనమే కాల్చేస్తే, ఎంతటి మంటైనా అక్కడికక్కడే చస్తుంది. ఎన్నిసార్లు ఆపానో లెక్కలేదు.

తిరుపతిపిల్ల: 2014 మార్చిలో శేషాచలం కాలినప్పుడు ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు రావాల్సొచ్చింది సార్. దయచేసి ఊరివాళ్లకి ఎదురు మంట చెప్పకండి. మా మామయ్య అడవిలో మంటలార్పే ఫారెస్ట్ వాచరు. గాలి తిరిగి నైలాన్ ప్యాంటు పిక్కకి అతుక్కుపోయింది. ఆస్పత్రిలో దాన్ని ఒలిచారు.

రిటైర్డ్‌బీట్: ఊరివాళ్లని పెట్టమన్నానా అమ్మా? వాళ్లకి చెప్పాల్సింది వేరే. నూలు బట్టలు కట్టుకోండి. గుట్ట పైకి పరిగెత్తకండి, మంట మనకన్నా ముందే ఎక్కుతుంది. దారి ఉంటే కాలి చల్లారిన నల్ల నేల మీదికి పోండి. ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఆకులు ఊడ్చేసిన బాటలు, కూడా మార్చిలో కాదు, జనవరిలోనే గీయాలి. మా రోజుల్లో...

శాటిలైట్‌పిచ్చి: ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా సైట్‌లో నంబరు ఇస్తే మంట అలర్ట్ ఎస్‌ఎంఎస్ వస్తుంది, ఉచితం. ఇప్పుడు 375 మీటర్ల పిక్సెల్ డేటా, అంటే శాటిలైట్ ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద అంత వెడల్పు; పాత దానికి కిలోమీటరు.

తూర్పుచేను: మా చేలో సిగ్నల్ కోసం చింతచెట్టెక్కాలి. నీ పిక్సెల్ ఎక్కడ చూడను?

గుట్టకిందోడు: వాచర్లకి టైముకి జీతాలివ్వకపోతే ఎవడు ఆర్పుతాడు? దాని మీద మాట్లాడరేం?

అమ్రాబాద్‌కుర్రోడు: అన్నలూ, ఫోన్ ఎవరికి చేయాలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

తిరుపతిపిల్ల: ముందు మీ బీట్ ఆఫీసర్‌కి, అంటే మీ వైపు అడవి చూసే ఫారెస్టాయనకి. ఇళ్ల దాకా వస్తోందంటే 101 లేదా 112. మామయ్య వాళ్ల ఊళ్లో బీటాయన నంబరు బడి గోడ మీద పెయింటు వేయించారు. ఆయనకి బదిలీ అయినా ఎవరూ మార్చలేదు, అది వేరే కథ.

అమ్రాబాద్‌కుర్రోడు: థ్యాంక్స్ అక్కా. తూర్పుచేనన్నా, ఆరు సాళ్లకి ట్రాక్టర్‌వాడు ఎంత తీసుకుంటాడు?

తూర్పుచేను: ట్రాక్టరెందుకు, ఎద్దులున్నాయిగా.