కట్టు: బొమ్మ కట్టు, వెల కట్టు

ప్రశ్న: పాత సావనీర్ బొమ్మల జాబితా ఒకటి తెలుగులో రాస్తున్నాను. ‘ఫోక్ కాస్ట్యూమ్’ వచ్చిన ప్రతిచోటా ‘జానపద వేషధారణ’ అని పెట్టుకుంటూ పోయాను. తిరిగి చదివితే నాటకాల కంపెనీ సామాన్ల పట్టీలా ఉంది. ఇంకో మాట చెప్పగలరా?

జవాబు: ‘కట్టు’ అనండి. పగటివేషం, దొంగవేషం... వేషం అన్నామంటే లోపల ఇంకెవరో ఉన్నట్టే. కట్టు మనిషి సొంతం. ఏ ఊరో, పెళ్ళయిందో లేదో అదే చెబుతుంది. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతపు బొమ్మనే చూడండి. తల మీది గడ్డి టోపీకి 14 ఉన్ని బంతులు. ఎర్రవైతే పెళ్ళికానిది, నల్లవైతే పెళ్ళయింది. మన కట్టుబొట్టు చదివినట్టే చదవాలి. పైగా అది గుటాక్, కిర్న్‌బాక్, రైఖెన్‌బాక్ అనే మూడు గ్రామాల కట్టు. ‘జర్మనీ అమ్మాయి’ అని రాసి ఊరుకుంటే సగం సంగతి పోయినట్టే.

మరొకరు: చీరకట్టు, పంచెకట్టు సరే. గౌనుకీ బూటుకీ కట్టేమిటండీ? కుట్టు కదా!

జవాబు: ఏప్రాన్ నాడాలు, తలగుడ్డ, గడ్డం కింద టోపీ తాళ్ళు కట్టేవే కదండీ! అసలు బొమ్మను పట్టించేదీ అక్కడే. పావడా కాస్త ఎత్తి నడుము దగ్గర చూడండి. చిన్న హుక్కు, నాడా, చేతికుట్టు కనిపిస్తే శ్రద్ధగా చేసిన బొమ్మ. జిగురుతో అంటించో, స్టేపుల్ పిన్ను కొట్టో ఉంటే పర్యాటకుల కోసం గంపగుత్తగా చేసింది. దానికి ‘కట్టు’ అనడానికి నాకూ నోరు రాదు, ‘అంటు’ అనాలేమో!

ప్రశ్న అడిగినవారు: మరి ‘వాల్యుయేషన్’?

జవాబు: ‘వెల కట్టడం’. చూశారా, ఇదీ కట్టే. ఒక్క జాగ్రత్త: ‘వెలలేనిది’ అంటే ఎంతిచ్చినా రానిది, ‘విలువలేనిది’ అంటే ఎందుకూ పనికిరానిది. అమ్మేవాడు మొదటిది అంటాడు, చాలా బొమ్మలు రెండోదానికే దగ్గర. స్పెయిన్‌లోని చిక్లానాలో 1928లో మొదలైన మారిన్ కంపెనీ ఫ్లమెంకో నర్తకి బొమ్మలు ఎంత సొగసుగా ఉన్నా లెక్కలేనన్ని చేశారు కాబట్టి మామూలువాటికి పెద్ద వెల పలకదు. అడిగే ధర కాకుండా అమ్ముడైన ధర చూసి కట్టాలి.

బొమ్మ ఏ కాలందో చెప్పే ఆధారం దాని మీది చీటీ. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949కి ముందుది కాదు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1952లోపు చేసింది. ఒక బొమ్మ పావడా అంచున మురికి కాగితం అతుక్కుని ఉంటే శుభ్రం చేస్తున్నాననుకుని నేనే పీకి పారేశాను. అదే చీటీ! ఇప్పుడా బొమ్మకు కట్టుంది, ఊరు లేదు.

మరొకరు: సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ బొమ్మను బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుందంటారు, నిజమా?

జవాబు: నిజమే, అందులో కర్పూరం కలుపుతారు. వేడి సూదితో మాత్రం పరీక్షించకండి, భగ్గుమంటుంది. వాసన వచ్చినంత మాత్రాన ‘మా ముత్తాత నూరేళ్ళ కిందట తెచ్చాడు’ అన్న మాట నమ్మక్కర్లేదు. యుద్ధం తర్వాత కూడా అలాంటి బొమ్మలు చేశారు. అలా చెప్పేదాన్ని ఏమంటారో తెలుసుగా, కట్టుకథ.

ప్రశ్న అడిగినవారు: జాబితా అంతా ‘కట్టు’గా మార్చేశాను. చివరి సందేహం. అసలు బట్టలు పోయి, ఎవరో వేరేవి కుట్టి తొడిగిన బొమ్మకు?

జవాబు: మారుపేరు ఉన్నట్టే ‘మారుకట్టు’ అని రాయండి. వెల సగానికి సగం ఎందుకు తగ్గించారో కొనేవాడికి వేరే చెప్పనక్కర్లేదు.