పాలు పడవు, పెరుగు పడుతుంది.. ఎందుకిలా?

కోట జంక్షన్:
మాది విజయనగరం. ఈ మధ్య గ్లాసుడు పాలు తాగితే చాలు, గంట తిరగకుండా కడుపు ఉబ్బరం, గుడగుడలు, ఒక్కోసారి బాత్రూమ్‌కి పరుగు. పెరుగన్నం మాత్రం రెండు పూటలా తింటున్నా ఏమీ అవదు. అమ్మేమో పాలాయన ఏదో కలుపుతున్నాడంటోంది, నాకేమో పేగుల్లో మంచి బాక్టీరియా తగ్గిపోయిందేమోనని టెన్షన్. ఆ బాక్టీరియా కలిపి అమ్మే ప్రోబయోటిక్ డ్రింకులు కొనాలా?

నాగావళి ఒడ్డు:
పాలాయన్ని వదిలేయమను తమ్ముడూ. పాలలోని చక్కెర లాక్టోజ్, దాన్ని చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ విడగొట్టాలి. చిన్నతనం దాటాక చాలామందికి అది తగ్గిపోతుంది, మన దేశంలో ఇది మామూలే. అరగని లాక్టోజ్ పెద్దపేగుకి చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, గ్యాస్ అదే. లాక్టోజ్ నీటిని కూడా పేగులోకి లాగుతుంది, అందుకే ఆ పరుగు. అంటే నీ బాక్టీరియా తగ్గలేదు, కాస్త ఎక్కువే కష్టపడుతోంది :)
పెరుగులో అయితే తోడులోని బాక్టీరియా కొంత లాక్టోజ్‌ని ముందే లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది, మిగిలినదాన్ని విడగొట్టే ఎంజైమ్‌ని కూడా తనతోనే లోపలికి తెస్తుంది.

పాలకొండ పిల్ల:
మరి మజ్జిగ పులుసు?

నాగావళి ఒడ్డు:
మరిగితే బాక్టీరియా చచ్చిపోతుంది, ఎంజైమూ పోతుంది. కానీ పులిసిన మజ్జిగే పోస్తాం కాబట్టి లాక్టోజ్ ఎలాగూ కొంత తగ్గే ఉంటుంది, తిను.

చోడంబలి:
డ్రింకులకి డబ్బులు తగలేయకండి. ఆ బాక్టీరియా చాలావరకు వచ్చిపోయే చుట్టమే, లోపల కాపురం పెట్టదు, తాగడం మానేస్తే కొన్నాళ్లకి కనబడదు. లోపల ఎప్పుడూ ఉండేవాటికి మేత కావాలి, అది పీచు. మా శ్రీకాకుళం వైపు చోడి (రాగి) అంబలిలో మజ్జిగ పోసి ఉల్లిపాయ నంజుకుంటాం, అందులో బాక్టీరియా, పీచు రెండూ ఉన్నాయి.

పాలకొండ పిల్ల:
పచ్చి ఉల్లిపాయకి కూడా కొందరికి గ్యాస్ వస్తుందండోయ్, అదీ ఆ బాక్టీరియా పనే.

కోట జంక్షన్:
టీ తాగితే ఏమీ అవట్లేదు, అదెలా?

నాగావళి ఒడ్డు:
కప్పు టీలో పాలెన్ని? 100 మిల్లీలీటర్ల పాలలో లాక్టోజ్ సుమారు 5 గ్రాములు. ఒకేసారి 12 గ్రాముల దాకా చాలామంది తట్టుకుంటారు, కొందరికి అంతకన్నా తక్కువకే తేడా చేస్తుంది. పాలు కావాలంటే పరగడుపున కాకుండా టిఫిన్ తిన్నాక అర గ్లాసుతో చూడు. ఈ మధ్యే మొదలైందన్నావు, విరేచనాల జబ్బేమైనా వచ్చి తగ్గిందా? దాని తర్వాత కూడా కొన్ని వారాలు ఇలా ఉండొచ్చు. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా మాత్రం ఇక్కడ అడగకు, డాక్టర్‌కి చూపించు.