ఎల్‌హెచ్‌డీ నడిపేటోళ్లకు నడుము, మెడ నొప్పి: సీటు మారిస్తే సరిపోతదా?

ఫిట్టర్_భూపాలపల్లి: అన్నలూ, బొగ్గుబాయిల బొగ్గెత్తి మోసుకపోయే ఎల్‌హెచ్‌డీ బండి ఆపరేటర్లకు నడుము నొప్పి, మెడ పట్టేసుడు ఎందుకొస్తది? షిఫ్టుకు నికరంగ నాలుగు గంటలు బండి మీదుంటే, సీటు ఒక్కటే మారిస్తే తగ్గుతదా? ఇంకేమన్న చూడాలెనా?

బాయిదారి: సీటు మూడో నంబరు తమ్మీ. ముందు తొవ్వ, ఆ తర్వాత వేగం. ఎల్‌హెచ్‌డీ ఇరుసులకు స్ప్రింగులుండవు. గుంత దెబ్బ టైరు దాటి సీదా వెన్నుపూసకు తాకుతది. పంక్చర్ల బాధ పడలేక టైర్లల్ల ఫోమ్ నింపితే కుదుపు ఇంకింత ఎక్కువైతది. గుంతల బొగ్గు పొడి పోస్తే నీళ్లు తగిలి మళ్ల బురదే. నీళ్లు తోడి, కంకర పోసి, బకెట్‌తోని అదమాలె. బకెట్‌ను కుప్పబోసినట్టు నింపితే తొవ్వపొంటి పెళ్లలు రాల్తయ్, తిరుగు ట్రిప్పుల వాటి మీదికెల్లే ఎగురుకుంట రావాలె.

ఓ లెక్క చెప్త. సీటు మీద కంపనం 0.9 మీ/సె² ఉందనుకో. నాలుగు గంటలు నడిపితే ఎనిమిది గంటలకు సరిపోల్చిన విలువ 0.64 అయితది. యూరప్ నిబంధనల్ల 0.5 దాటితే తగ్గించే పని మొదలుపెట్టాలె, 1.15 ఆఖరి హద్దు. నడిపే టైము సగం చేసినా ఈ విలువ 30 శాతమే తగ్గుతది, ఎందుకంటే అది టైముకు వర్గమూలం లెక్కన నడుస్తది. కుదుపునే సగం చేస్తే విలువ కూడ సగమైతది. ఆపరేటర్లను మార్చుకుంట కూసుండబెట్టుడు కన్న గుంత పూడ్చుడే లాభం.

ఫిజియో_హన్మకొండ: నడుము సంగతి సరే. మెడకు మాత్రం కూసునే తీరే కారణం. ఎల్‌హెచ్‌డీల బండి పోయే దిక్కుకు అడ్డంగ కూసుంటరు, పోయేటప్పుడు ఒక పక్కకు, వచ్చేటప్పుడు ఇంకో పక్కకు మెడ తిప్పాలె. మెడ ఒక్కటే కాకుండ తుంటి కాడికెల్లి కొంచెం తిరిగి కూసోవాలె. క్యాప్ ల్యాంపు బ్యాటరీ, సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువొస్తే ఊపిరికి వాడే డబ్బా) వెనక్కి జారితే వీపు సీటుకు ఆనదు, పక్కలకు జరుపుకోవాలె.

బండి మీదికెల్లి దుంకొద్దు, దిగంగనే చెమ్మస్ (బొగ్గెత్తే పార) పట్టొద్దు. కుదుపులకు అలిసిన కండరం అదాటున పడ్డ బరువును ఆపలేదు. ఐదు నిమిషాలు నడిచినంక పట్టాలె. నడుము బెల్టు గాయం కాకుండ ఆపుతదనేందుకు గట్టి ఆధారం లేదు. నొప్పి లేస్తే రోజుల తరబడి మంచం పట్టొద్దు, మెల్లగ తిరుగుతనే ఉండాలె. కాలు బలం తగ్గినా, మూత్రం ఆగకపోయినా, తొడల నడుమ తిమ్మిరెక్కినా అదే రోజు ఎంజీఎం అసొంటి పెద్దాసుపత్రికి పోవాలె.

ఫిట్టర్_భూపాలపల్లి: సీటు సస్పెన్షన్ పోయిందని ఎట్ల తెలుస్తది?

బాయిదారి: ఆపరేటర్‌ను కూసుండబెట్టి చూడు. సీటు దిగే దూరంల సగం దాక దిగి ఆగాలె. అడుగు రబ్బరుకు టక్కున తాకిందంటే సీటు ఉన్నా లేనట్టే. 60 కిలోల మనిషికి పెట్టిన నాబు మీద తర్వాతి షిఫ్టుల 85 కిలోలాయన కూసుంటే ఇదే అయితది. షిఫ్టు మారంగనే నాబు తిప్పుకోవాలె, అది తుప్పు పట్టి తిరగకుంటే ముందుగల గ్రీజు పెట్టు. కొత్త సామానుకు ఇండెంటు తర్వాత రాయొచ్చు.