ఆంగ్ల నాటక పాఠంలో టోన్, పదాల అర్థం, రంగం నిడివి: ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న:
మా ఇంగ్లీషు తరగతిలో షేక్‌స్పియర్ రాసిన ‘మాక్‌బెత్’ నాటకం చదువుతున్నాం. ఒక రంగం ఇచ్చి దాని టోన్ (మాటల్లో ధ్వనించే భావం) ఏమిటో, ఫలానా పదం అక్కడ ఏ అర్థంలో వచ్చిందో, ఆ రంగం అంత చిన్నదిగా ఎందుకుందో రాయమంటారు. టోన్ అనగానే ‘విషాదం’ అనో ‘ఆనందం’ అనో రాసి ఊరుకుంటున్నాను, మార్కులు రావడం లేదు. మొదటి అంకంలోని ఆరో రంగంలోనైతే డంకన్ రాజు మాక్‌బెత్ కోటను మెచ్చుకోవడం తప్ప ఏమీ జరగదు. దాని గురించి ఏం రాయాలి?

జవాబు 1:
ఆ రంగాన్ని విడిగా చదివితే నిజంగానే ఏమీ కనిపించదు. రాజు ఆ రాత్రికి తమ ఇంటికే వస్తున్నాడని తెలియగానే, ఆయనను ప్రాణాలతో తిరిగి వెళ్లనివ్వకూడదని మాక్‌బెత్ భార్య లేడీ మాక్‌బెత్ ఐదో రంగంలోనే నిశ్చయించుకుంది. ఆ సంగతి మనకు తెలుసు, ఆయనకు తెలియదు. అందువల్ల గాలి హాయిగా ఉందని ఆయన అన్నప్పుడు, గోడలకు గూళ్లు కట్టుకున్న పిట్టలను చూపి, ఆయన వెంట వచ్చిన సేనాని బాంకో ఆ మాటను బలపరిచినప్పుడు, వాళ్ల మాటల్లో ప్రశాంతత ఉన్నా వింటున్న మనకు గుబులు పుడుతుంది. పాత్ర మాటలోని టోన్ వేరు, రంగం మొత్తం మీద ఏర్పడే టోన్ వేరు. ఈ రెంటినీ విడదీసి, ఏ మాట వల్ల అలా అనిపించిందో చూపిస్తేనే అది జవాబవుతుంది. తాము చేసే సేవలన్నిటినీ రెట్టింపు చేసి, మళ్లీ రెట్టింపు చేసినా రాజు చూపిన గౌరవానికి సాటి రావని లేడీ మాక్‌బెత్ అంటుంది. అంత మర్యాద ఎందుకో ఆలోచించండి.

జవాబు 2:
నిడివి గురించి ఒక మాట. రంగం చిన్నదైతే ‘వేగం కోసం’ అని రాసెయ్యడం చాలామందికి అలవాటు, కానీ పక్కనున్న రంగాలతో కలిపి చూడనిదే అది తేలదు. నాలుగో అంకం రెండో రంగంలో మక్డఫ్ అనే ప్రభువు భార్యాబిడ్డలను మాక్‌బెత్ మనుషులు చంపేస్తారు. వెంటనే వచ్చే మూడో రంగం 200 పంక్తులు దాటి సాగుతుంది; ఆ కబురు తెలియని మక్డఫ్ చాలాసేపు డంకన్ కొడుకు మాల్కంతో రాజ్యం గురించి మాట్లాడుతూనే ఉంటాడు. కబురు ఎప్పుడు తెలుస్తుందా అని మనం ఎదురుచూడాల్సిందే, ఆ ఎదురుచూపు కోసమే అంత నిడివి.

జవాబు 3:
పదాల విషయంలో నేటి అర్థాన్ని నమ్మకండి. మాక్‌బెత్ రాజవుతాడని ముందే చెప్పిన మంత్రగత్తెలకు వాడిన ‘వియర్డ్’ అనే మాటకు నేడు ‘వింతైన’ అని అర్థం, ఆ నాటకంలో మాత్రం అది విధికి సంబంధించిన మాట. ‘వింత అక్కచెల్లెళ్లు’ అని చదువుకుంటే, మాక్‌బెత్ చేసిన రాజు హత్యలో విధి పాత్ర ఎంత, అతడి సొంత కోరిక పాత్ర ఎంత అన్న ప్రశ్నే మనకు తట్టదు. ముందు పుస్తకంలో పేజీ అడుగున ఇచ్చిన వివరణ చూసి, ఆ అర్థంతో వాక్యాన్ని మరోసారి పైకి చదవండి.